సర్కారు చేతిలో రెండు తూకం రాళ్ళు

2024 అక్టోబరు 12, దసరా పండగ నాటి రాత్రి, హైదరాబాదు పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా కన్నుమూశారు. వయసు 57. పిత్తాశయానికి ఆపరేషన్ అయ్యాక వచ్చిన సమస్యలతో ప్రాణం పోయిందని చెప్పారు. నాగపూర్ జైలు నుంచి బయటికి వచ్చి అప్పటికి ఏడు నెలలు దాటింది, అంతే. ఏ తప్పూ రుజువు కాలేదని బొంబాయి హైకోర్టు చెప్పిన మనిషి, అమలాపురంలో పుట్టిన పేద రైతు బిడ్డ, అయిదేళ్ళ వయసులో పోలియో వచ్చి రెండు కాళ్ళూ పోగొట్టుకున్న మనిషి, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠం చెప్పిన మాస్టారు. ఆయన కళ్ళు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి, దేహం గాంధీ వైద్య కళాశాలకు వెళ్ళాయి.

మేము ఆ మరణాన్ని ఒక మేధావి మరణంగానో, ఒక రాజకీయ ఖైదీ మరణంగానో మాత్రమే చూడడం లేదు. 90 శాతం వైకల్యం ఉన్న మనిషిని ఈ రాజ్యం ఎట్లా చూసుకుందో, అడవిలో వైకల్యంతో బతికే మన అక్కచెల్లెళ్ళను, అన్నదమ్ములను ఎట్లా చూస్తున్నదో, ఆ రెంటికీ లంకె ఉంది. ఆ లంకెను విప్పి చూపడానికే ఈ వ్యాసం.

మన సంతల్లో షావుకారు రెండు రకాల రాళ్ళు పెట్టుకునేవాడని పెద్దలు చెప్తారు. మన దగ్గర ఇప్పపువ్వు, బంక, చింతపండు కొనేటప్పుడు బరువైన రాయి. మనకు ఉప్పు, పప్పు అమ్మేటప్పుడు తేలికైన రాయి. సర్కారు చేతిలో వైకల్య శాతం కూడా అట్లాంటిదే అయింది. పింఛను ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఒక్కొక్క శాతాన్నీ పట్టిపట్టి తూస్తుంది. 40కి ఒక్కటి తగ్గినా పొమ్మంటుంది. అదే సర్కారు మనిషిని జైల్లో వేసినప్పుడు 90 శాతం కూడా దాని తక్కెడలో తూగదు.

పింఛను దగ్గర తూకం

తెలంగాణలో ఆసరా కింద వికలాంగుల పింఛను 2023 జూలై నుంచి నెలకు 4,016 రూపాయలు. చేయూత పేరుతో 6,000 ఇస్తామని 2023 ఎన్నికల్లో కాంగ్రెసు మాట ఇచ్చింది. ఆ మాట నిలబెట్టుకోమని అడగడానికి మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో వికలాంగులు 2025లో ఊరూరా సభలు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 6,000 ఇస్తున్నారు. కానీ అక్కడ 2025లో అనర్హుల ఏరివేత పేరిట మళ్ళీ పరీక్షలు పెట్టి, నోటీసులిచ్చి, మంచాన పడ్డవాళ్ళను కూడా ఆసుపత్రుల చుట్టూ తిప్పారు. జనం గొడవ చేస్తేనే కాస్త వెనక్కి తగ్గారు. ఇక ఢిల్లీ సర్కారు సంగతి. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను కింద అది ఇచ్చే వాటా నెలకు 300 రూపాయలు. దానికీ 80 శాతం వైకల్యం ఉండాలి, దారిద్ర్యరేఖకు దిగువన ఉండాలి. 2012లో పెట్టిన 300 నేటికీ అంతే. పన్నెండేళ్ళు దాటినా ఒక్క రూపాయి కదల్లేదు.

ఈ డబ్బు చేతికి రావాలంటే ముందు కాగితం కావాలి. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి సదరం సర్టిఫికెట్, ఇప్పుడు యూడీఐడీ కార్డు. మీసేవలో స్లాటు పట్టుకోవాలి. స్లాటు దొరికిన రోజున జిల్లా ఆసుపత్రికి పోవాలి. బస్సు రాని గూడెం నుంచి నడవలేని మనిషిని మంచం మీదనో, భుజాల మీదనో రోడ్డు దాకా మోసుకురావాలి. ఆటో కిరాయి, తోడు వచ్చినవాడి కూలి, ఒక పూట తిండి లెక్క వేయండి. నెల పింఛనులో సగం ఒక్క రోజులో పోతుంది. అక్కడికి పోయాక ఎముకల డాక్టరు ఉంటే చెవి డాక్టరు ఉండడు. చెవి డాక్టరు ఉంటే పరీక్ష యంత్రం పనిచేయదు. పెద్ద పరీక్ష కావాలంటే హైదరాబాదు పొమ్మంటారు. ఉట్నూరు నుంచైనా, భద్రాచలం నుంచైనా పంజాగుట్టకు సుమారు మూడు వందల కిలోమీటర్లు.

పట్నం వచ్చాక ఇంకో చిత్రం. గిరిజన సంక్షేమ శాఖ మాసబ్‌ట్యాంకులో ఉంది. వికలాంగుల సంక్షేమ శాఖ మలక్‌పేటలో ఉంది. వైద్యం పంజాగుట్టలో ఉంది. వైకల్యం ఉన్న ఆదివాసి ఒక్క మనిషే. ఆ ఒక్క మనిషిని మూడు ముక్కలు చేసి మూడు చోట్ల పెట్టారు. మాసబ్‌ట్యాంకులో అడిగితే అది వికలాంగుల శాఖ పని అంటారు. మలక్‌పేటలో అడిగితే మీకు ఐటీడీఏ ఉంది కదా అంటారు. వైకల్యం ఉన్న ఆదివాసి గురించి ఒక్కచోట కూర్చుని ఆలోచించే బల్ల ఎక్కడుంది?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం. షెడ్యూల్డు కులాల్లో 2.45 శాతం. షెడ్యూల్డు తెగల్లో మాత్రం 2.05 శాతం. తిండి తక్కువ, వైద్యం తక్కువ, రోడ్డు తక్కువ ఉన్న చోట వైకల్యం కూడా తక్కువ అయిందట! మేము దీన్ని నమ్మం. డాక్టరు చూడని చోట జబ్బుకు పేరుండదు. పేరు లేనిది లెక్కకెక్కదు. మా గూడేల్లో మాట రాని పిల్లను మూగది అంటారు, బుద్ధి ఎదగని పిల్లవాణ్ణి అమాయకుడు అంటారు. లెక్కలు రాసేవాడి ఫారంలో ఆ పిల్లలకు గడి దొరకలేదు.

జైలు దగ్గర తూకం

ఇప్పుడు రెండో రాయిని చూద్దాం. సాయిబాబాను 2014 మే నెలలో ఢిల్లీలో పట్టుకుపోయారు. మధ్యలో బెయిలు మీద కొంతకాలం బయట ఉన్నారు. 2017 మార్చి 7న గడ్చిరోలి సెషన్సు కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 90 శాతం వైకల్యం ఉందని చెప్పుకుంటే, శరీరం పనిచేయకపోయినా బుర్ర పనిచేస్తున్నది కాబట్టి కనికరం అక్కరలేదన్న అర్థంలో ఆ తీర్పు మాట్లాడింది. నాగపూర్ జైల్లో అండా సెల్లులో పెట్టారు. చక్రాల కుర్చీలో బతికే మనిషి. ఒకరు ఎత్తుకుపోతే తప్ప మరుగుదొడ్డికి పోలేడు, స్నానం చేయలేడు. 2018లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల నిపుణులు ఆయన ఆరోగ్యం చూసి విడుదల చేయమన్నారు. ఎవరూ వినలేదు. 2020 ఆగస్టు 1న ఆయన తల్లి సూర్యవతమ్మ చనిపోయింది. చివరి చూపుకు పెరోల్ అడిగితే ఇవ్వలేదు.

2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఆయన్ని విడుదల చేయమంది. మరునాడు శనివారం. సెలవు రోజున సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును ఆపింది. కనీసం ఇంట్లోనే నిర్బంధంలో ఉంచండి, ఒంటి పరిస్థితి చూడండి అని లాయరు వేడుకుంటే అదీ ఒప్పుకోలేదు. మళ్ళీ విచారణ జరిగి 2024 మార్చి 5న అదే హైకోర్టు నేరం రుజువు కాలేదని రెండోసారి చెప్పింది. మార్చి 7న బయటికొచ్చారు. శిక్ష పడిన రోజుకు, విడుదలైన రోజుకు సరిగ్గా ఏడేళ్ళు.

మన పింఛను ఫారం మీద 39 శాతం అని రాస్తే అది కొండంత గోడ. ఆయన కేసులో 90 శాతం అని రాసి ఉంటే అది గాలికిపోయే ఆకు. ఒకే సర్కారు, ఒకే సర్టిఫికెట్. ఇదేం తూకం?

ఈ కథలో ఇంకో పేరుంది. పత్రికల్లో సాయిబాబా పేరు వచ్చినన్ని సార్లు ఆ పేరు రాలేదు. పాండు నరోటే. ప్రాణహిత అవతలి గడ్చిరోలి జిల్లా ఆదివాసి. అదే కేసులో 2013లో పట్టుకుపోయారు. 2022 ఆగస్టులో ఖైదీగానే స్వైన్ ఫ్లూతో చనిపోయాడు. వయసు 33. చనిపోయిన ఏడు వారాలకు హైకోర్టు మొదటి తీర్పు వచ్చింది. నిర్దోషి అని చెప్పడానికి మనిషి లేడు. సాయిబాబాకు ఇంగ్లీషు వచ్చు, రాయడం వచ్చు, ప్రపంచంలో మిత్రులు ఉన్నారు. అంత ఉన్నా ఆ గతి పట్టింది. పాండు నరోటేకు ఏముంది? కోర్టు భాష రాదు, లాయరు ఫీజు లేదు. రోగం వచ్చినా, వైకల్యం వచ్చినా జైలు గోడల లోపల ఆదివాసి మాట ఎవరికి వినబడుతుంది?

జార్ఖండ్ ఆదివాసుల మధ్య పనిచేసిన స్టాన్ స్వామి సంగతి కూడా ఇంతే. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికేవి. 2020 అక్టోబరులో 83 ఏళ్ళ వయసులో పట్టుకుపోయారు. గ్లాసు పట్టుకోలేను, నీళ్ళు తాగడానికి గొట్టం ఉన్న కప్పు ఇప్పించండి అని కోర్టుకు అర్జీ పెట్టుకున్నాడు. జవాబు చెప్పడానికి దర్యాప్తు సంస్థ 20 రోజులు గడువు అడిగింది. ఒక గొట్టానికి! 2021 జూలై 5న బెయిలు రాకుండానే చనిపోయాడు.

ఇక్కడ కొందరు అడుగుతారు: వాళ్ళ మీద ఉన్నవి పెద్ద కేసులు కదా, దేశ భద్రత కదా అని. మేము ఒక్కటే చెప్తాం. కేసు ఎంత పెద్దదైనా మరుగుదొడ్డి అవసరం చిన్నది కాదు. మంచినీళ్ళ గొట్టంతో దేశ భద్రతకు వచ్చే ముప్పు లేదు. శిక్ష అంటే స్వేచ్ఛను తీసేయడం. పాక్కుంటూ దొడ్డికి పొమ్మనడం ఏ చట్టంలో రాసిన శిక్ష? పైగా ఒకాయన మీద నేరం రుజువు కాలేదు, ఇంకొకాయన మీద విచారణే మొదలు కాలేదు. 2022 నాటికి దేశంలోని జైళ్ళలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. పోడు కేసుల్లో, అడవి కేసుల్లో కోర్టుల చుట్టూ తిరిగే మన వాళ్ళు ఆ ముగ్గురిలోకి ఎప్పుడైనా చేరవచ్చు.

చట్టం ఏం చెప్తున్నది

చట్టం లేక కాదు ఈ గతి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాని 12వ సెక్షన్ కోర్టులు, కమిషన్లు, విచారణ అధికారుల ముందుకు వివక్ష లేకుండా వెళ్ళే హక్కు వికలాంగులకు ఉందని, అందుకు తగిన సాయం సర్కారే చేయాలని చెప్తుంది. 25వ సెక్షన్ దగ్గరలోనే, ముఖ్యంగా గ్రామాల్లో, ఉచిత వైద్యం అందించాలంటుంది. దగ్గర అంటే మూడు వందల కిలోమీటర్లా?

మన యువకులు, టీచర్లు నోటికి నేర్చుకోవాల్సిన మరికొన్ని ఉన్నాయి. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం, శరీరంలో గానీ మనసులో గానీ వైకల్యం ఉన్న మనిషిని సాక్ష్యం కోసం పోలీసులు స్టేషనుకు పిలవకూడదు. వాళ్ళే ఇంటికి రావాలి. లైంగిక దాడికి గురైన ఆడమనిషికి వైకల్యం ఉంటే 173వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు ఆమె ఇంట్లోనో, ఆమె చెప్పిన చోటనో రాసుకోవాలి. దుబాసీ గానీ, ప్రత్యేక టీచరు గానీ ఉండాలి. వీడియో తీయాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగల వాళ్ళకు ఉచితంగా లాయరు దొరకాలి, వికలాంగులకూ దొరకాలి, జైల్లో ఉన్నవాళ్ళకూ దొరకాలి. ఆదాయం ఎంత అని అడగరాదు. 15100కు ఫోను చేస్తే న్యాయ సేవల సంస్థ పలుకుతుంది. వైకల్యం ఉన్న ఆదివాసి ఖైదీకి ఈ హక్కు ఒకటికి మూడుసార్లు ఉంది. అయినా ఎంతమందికి తెలుసు?

కోర్టులు కూడా అప్పుడప్పుడు మంచి మాట చెప్పాయి. కర్నూలు జిల్లాలో చూపు లేని ఒక దళిత యువతి మీద 2011లో అత్యాచారం జరిగింది. ఆమె నిందితుణ్ణి గొంతు గుర్తుపట్టి చెప్పింది. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు పటాన్ జమాల్ వలీ కేసులో, వైకల్యం ఉన్న మనిషి సాక్ష్యం తక్కువది కాదని, కంటితో చూడలేని మనిషి గొంతుతో గుర్తుపట్టడం చెల్లుతుందని చెప్పి అత్యాచార శిక్షను ఖాయం చేసింది. ఆడమనిషి కావడం, దళితురాలు కావడం, చూపు లేకపోవడం మూడూ కలిసి ఒకే మనిషిని ఎట్లా నలిపేస్తాయో కూడా అందులో రాసింది. అయితే కులం కారణంగానే చేశాడని విడిగా రుజువు లేదంటూ అట్రాసిటీ చట్టం కింద పడ్డ శిక్షను కొట్టేసింది. ఆ చట్టంలోని మాటను 2016 జనవరి నుంచి మార్చారు. బాధితురాలు ఎస్సీ లేదా ఎస్టీ అని తెలిసి చేస్తే చాలు. ఆ నేరం మార్పుకు ముందు జరిగింది కాబట్టి ఆమెకు ఆ మేలు అందలేదు. మన ఆడబిడ్డలకు ఇప్పుడు అందుతుంది. అందాలంటే ఎఫ్ఐఆర్‌లోనే ఆ సెక్షన్లు రాయించాలి.

2025 జూలై 15న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. కండరాలు కుంగిపోయే జబ్బు ఉన్న తమిళనాడు లాయరు ఒకాయన జైల్లో పడ్డ బాధ మీద వేసిన కేసు అది. జైలుకు వచ్చిన రోజే వైకల్యం ఉందో లేదో అడిగి రాసుకోవాలని, మరుగుదొడ్లు, ర్యాంపులు, వైద్యం, ఫిజియోథెరపీ ఉండాలని, ఆరు నెలల్లో జైళ్ళన్నీ తనిఖీ చేయాలని చెప్పింది. సాయిబాబా పోయిన తొమ్మిది నెలలకు వచ్చిందీ తీర్పు. మనం అడగకపోతే ఇదీ కాగితంగానే మిగిలిపోతుంది.

రక్తంలో ఉన్న వైకల్యం

వైకల్యం అంటే కాలూ చేయీ కన్నూ మాత్రమే అని మనలో చాలామంది అనుకుంటారు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. అందులో సికిల్ సెల్ జబ్బు ఒకటి. మన గోండు, కోలాము, కోయ పల్లెల్లో ఈ జబ్బు తెలియని ఊరు తక్కువ. ఒళ్ళంతా సూదులతో పొడిచినట్టు నొప్పి, కామెర్లు, రక్తం తగ్గడం, నెలలో కొన్ని రోజులు మంచం దిగలేకపోవడం. హాస్టల్లో అట్లాంటి పిల్లను సోమరిది అంటారు. పరీక్ష రోజున నొప్పి లేస్తే ఫెయిల్ అంటారు.

2023 జూలై 1న ప్రధానమంత్రి మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు. 2047 నాటికి జబ్బు లేకుండా చేస్తామన్నారు. రక్తపరీక్షలు చేస్తున్నారు, కార్డులు ఇస్తున్నారు, మంచిదే. కానీ జబ్బు ఉన్నవాడి ఉద్యోగం సంగతి? అదే 2016 చట్టం 34వ సెక్షన్‌లో ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఎవరెవరికో పేర్లు రాశారు. చూపు, వినికిడి, అవయవాలు, మానసిక వైకల్యం, ఇవన్నీ ఉన్నాయి. సికిల్ సెల్, తలసేమియా, హీమోఫీలియా లేవు. వైకల్యం అని ఒక సెక్షన్‌లో ఒప్పుకుని, ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి ఇంకో సెక్షన్‌లో మరిచిపోయారు. ఆదివాసుల్లో ఎక్కువగా ఉన్న జబ్బు జాబితాలోంచి జారిపోవడం కాకతాళీయం అని మేము అనుకోం. జాబితా రాసే బల్ల దగ్గర మన మనిషి లేడు. చదువుల్లో 5 శాతం రిజర్వేషన్ మాత్రం 40 శాతం దాటిన 21 రకాల వాళ్ళందరికీ వర్తిస్తుంది. ఇది మన టీచర్లు పదో తరగతిలోనే పిల్లలకు చెప్పాలి.

అమీర్‌పేట మెట్ల మీద

చదువుకున్న మన యువతకు అమీర్‌పేట తెలియనిది కాదు. మైత్రివనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ సందుల్లో ప్రతి గోడ మీదా కోచింగు బోర్డులే. ఏటా మన పిల్లలు ఒక సంచీ, ఒక ఫైలు పట్టుకుని అక్కడ దిగుతారు. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. స్టేషనులో లిఫ్టు ఉంది. లిఫ్టు దిగి రోడ్డు మీదికి వస్తే ఫుట్‌పాత్ మీద దుకాణం, దుకాణం ముందు బండ్లు. కోచింగు గది మూడో అంతస్తులో, హాస్టలు గది నాలుగో అంతస్తులో, ఇరుకు మెట్లు. కర్ర పట్టుకుని నడిచే మన పిల్లవాడు అక్కడ రోజుకు ఎన్ని మెట్లు ఎక్కాలో ఎవరైనా లెక్కపెట్టారా? చూపు తక్కువ ఉన్న మన పిల్ల ఆ గుంపులో రోడ్డు ఎట్లా దాటుతుంది? మాటలు వినబడని వాడికి మైకులో చెప్పే పాఠం ఏం పనికొస్తుంది?

జనం వచ్చిపోయే భవనాలన్నీ అయిదేళ్ళలో వికలాంగులకు వీలుగా మార్చాలని చట్టం చెప్పింది. 2017 జూన్‌లో నియమాలు వచ్చాయి. అంటే 2022 జూన్‌తో గడువు తీరింది. ఇది గవర్నమెంటు ఆఫీసులకే కాదు, ప్రైవేటువాళ్ళు నడిపినా జనానికి సేవ అమ్మే చోటికి కూడా వర్తిస్తుంది. ఫీజు తీసుకునే కోచింగు సెంటరుకు ర్యాంపు కట్టే బాధ్యత లేదా? కొత్త భవనానికి అనుమతి ఇచ్చే అధికారి ఏం చూసి సంతకం పెడుతున్నాడు?

పోటీ పరీక్షలు రాసే మన పిల్లలు ఇంకో రెండు తీర్పులు గుర్తుపెట్టుకోవాలి. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రాయడానికి చేయి సహకరించని అభ్యర్థికి 40 శాతం లేకపోయినా రాసిపెట్టే సహాయకుణ్ణి ఇవ్వాలంది. 2024 అక్టోబరు 15న, అంటే సాయిబాబా పోయిన మూడో రోజున, ఇంకో మాట చెప్పింది. మహారాష్ట్ర విద్యార్థి ఒకరికి మాటలో వైకల్యం 40 శాతం దాటింది కాబట్టి డాక్టరు చదువుకు పనికిరాడన్నారు. శాతం ఒక్కటే చూసి తలుపు మూయకూడదు, ఆ మనిషి చదవగలడా లేదా చూడాలి అని కోర్టు చెప్పింది. చూశారా తూకం! 40కి తక్కువైతే సాయం లేదు, 40 దాటితే సీటు లేదు. ఎటు తిరిగినా రాయి వాళ్ళదే.

దయ వద్దు, పేరు పెట్టవద్దు

2015 డిసెంబరులో ప్రధానమంత్రి వికలాంగులను దివ్యాంగులు అని పిలవమన్నారు. చాలా వికలాంగుల సంఘాలు ఒప్పుకోలేదు. మా అవయవాల్లో దేవుడు లేడు, మా దారిలో మెట్లు ఉన్నాయి, అవి తీసేయండి అన్నారు. ఈ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? మనల్నీ ఒకరు గిరిజనులు అన్నారు, ఒకరు వనవాసులు అన్నారు. కొత్త పేరు పెట్టినప్పుడల్లా భూమి కొంత తగ్గింది. మర్యాద మాటలో కాదు, పట్టాలో ఉంది, జీవోలో ఉంది, ర్యాంపులో ఉంది.

సర్కారు దగ్గర డబ్బు లేదంటారు. దొంగ సర్టిఫికెట్లు ఎక్కువయ్యాయంటారు. దొంగ కాగితం పుట్టించగలిగేది డబ్బూ పలుకుబడీ ఉన్నవాడు. పట్టుకోవాల్సింది వాణ్ణి, సంతకం పెట్టిన డాక్టర్ని. మంచంలో ఉన్న మనిషిని మళ్ళీ మోసుకురమ్మని చెప్పడం తనిఖీ అనిపించుకోదు. కాలు పోయిన మనిషికి అయిదేళ్ళకొకసారి కాలు మొలిచిందా అని అడిగే సర్కారును ఏమనాలి?

మేము అడిగేవి

ఒకటి. వైకల్య పరీక్ష మనిషి దగ్గరికి రావాలి. ప్రతి ఐటీడీఏ పరిధిలో మండల కేంద్రంలోనే నెలకొకసారి డాక్టర్ల బృందం కూర్చోవాలి. మంచం దిగలేనివాళ్ళకు ఇంటి దగ్గరే సర్టిఫికెట్ ఇవ్వాలి. శాశ్వత వైకల్యానికి శాశ్వత సర్టిఫికెట్ ఇవ్వాలి.

రెండు. ఐటీడీఏలో వైకల్యం కోసం ప్రత్యేక అధికారి, ప్రత్యేక నిధి ఉండాలి. పట్నం ఆసుపత్రికి పంపాల్సి వస్తే రోగితో పాటు తోడు మనిషికి చార్జీలు, బస, మన భాష తెలిసిన సహాయకుణ్ణి ఇవ్వాలి.

మూడు. సికిల్ సెల్, తలసేమియా, హీమోఫీలియాలను ఉద్యోగ రిజర్వేషన్ల జాబితాలో చేర్చాలి. చట్టం మార్చేదాకా రాష్ట్రాలు ఫీజులు, వయసు సడలింపు, పరీక్ష సమయం విషయంలో తమ చేతిలో ఉన్నది చేయాలి.

నాలుగు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి జైలులో, సబ్ జైలులో వైకల్యం ఉన్న ఖైదీలు ఎందరో, అందులో ఆదివాసులు ఎందరో, ఎవరికి ఏ సాయం అందుతున్నదో ఏటా బయటపెట్టాలి. నడవలేని, లేవలేని విచారణ ఖైదీకి బెయిలు ఇవ్వడం పద్ధతి కావాలి. బెయిలు కాదంటే ఎందుకో కోర్టు రాయాలి.

అయిదు. గోండి, కోయ, కొలామి, సవర, కువి మాట్లాడే దుబాసీలను, ఆ ఊళ్ళలో చెవిటి మనుషుల సైగలు తెలిసినవాళ్ళను కోర్టులకూ పోలీసు స్టేషన్లకూ గుర్తించి ఇవ్వాలి. బడి ముఖం చూడని చెవిటి పిల్లకు ఢిల్లీలో నేర్పే సైగల భాష తెలియదు. ఆమె సైగ ఆమె అమ్మకు, ఆమె ఊరి టీచరుకు తెలుస్తుంది.

ఈ అయిదోది మన చేతిలో ఉన్న పని కూడా. మండల భవిత కేంద్రాల్లో పనిచేసే రిసోర్సు టీచర్లారా, ఆశ్రమ పాఠశాలల టీచర్లారా, చట్టం ప్రత్యేక టీచరును పిలవమంటున్నది అంటే మిమ్మల్నే. మీ ఊళ్ళో అట్లాంటి బిడ్డకు అన్యాయం జరిగితే ఆమె పక్కన కూర్చుని ఆమె మాటను మనకు తెలిసిన మాటలోకి తేగలిగేది మీరే. జిల్లా న్యాయ సేవల సంస్థ దగ్గర మీ పేరు రాయించుకోండి.

యువకులారా, మీరు అమీర్‌పేటలో చదువుకుంటూ నెలలో ఒక ఆదివారం పక్కనే ఉన్న పంజాగుట్ట ఆసుపత్రికి వెళ్ళండి. ఏజెన్సీ నుంచి వచ్చి ఏ కౌంటరు ఎక్కడో తెలియక నిలబడ్డ మనవాళ్ళు ఉంటారు. ఎల్‌ఓసీ అంటే ఏమిటో, ఆరోగ్యశ్రీ కాగితం ఎక్కడ ఇస్తారో చెప్పండి. మీ ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకుని ఇంటింటికీ తిరగండి. ఎవరికి ఏ వైకల్యం ఉంది, సర్టిఫికెట్ ఉందా, పింఛను వస్తున్నదా, ఎందుకు రావడం లేదు, అన్నీ రాయండి. సర్కారు లెక్క 2.05 శాతం అంటున్నది కదా. మన లెక్క మనం రాసి గ్రామసభలో చదివి తీర్మానం చేద్దాం. ఆ కాగితం ఐటీడీఏ పీవో బల్ల మీద పెడదాం. ఆదివాసి సంఘాల సభలు కింది అంతస్తులో, చక్రాల కుర్చీ వచ్చే చోటనే పెట్టుకుందాం.

షావుకారు తక్కెడను మన పెద్దలు ఎట్లా ఎదిరించారో మనకు తెలుసు. సంతలో అందరి ముందూ ఆ రాళ్ళను పట్టుకుని, ఇదిగో ఇది ఒక బరువు, ఇది ఇంకో బరువు అని చూపించారు. ఇప్పుడు చూపించాల్సింది సర్కారు రాళ్ళు. పింఛను ఫారంలో రాసే శాతమే జైలు రిజిస్టరులోనూ చెల్లాలి. కోర్టు మెట్ల దగ్గర చెల్లాలి, కోచింగు సెంటరు గుమ్మంలో చెల్లాలి. అంతవరకూ అడుగుతూనే ఉంటాం.